గడప దాటిన ఆరాధన

తెల్లవారుజామున రేడియో మీట తిప్పగానే భక్తిగీతం వినబడుట మన ఇండ్లలో వింత కాదు. ఆకాశవాణి విజయవాడ కేంద్రంవారి భక్తిరంజని వింటూ పొయ్యి రాజేసుకొను ఇల్లాలిని, నీకు స్నానమైనదా, గుడికి పోయివచ్చితివా అని ఎవరూ అడుగరు. పాట గాలిలో వచ్చినది, ఆమె విన్నది, అంతే. కాని భగవత్ప్రార్థన ఇట్లు గాలిలో ప్రయాణించి ముక్కు మొగం తెలియనివారి ఇంటిలోనికి పోవచ్చునా అను ప్రశ్న సుమారు నూరేండ్ల క్రిందట పెద్ద పెద్ద మతాచార్యులను కలవరపెట్టినది. ఇంగ్లండులోని క్రైస్తవ దేవాలయాలు ఈ ప్రశ్నను ఎదుర్కొన్న విధం తెలుసుకోదగిన చరిత్ర. తనవారితో ఎట్లు మాట్లాడవలెను, గడపలో నిలిచిన క్రొత్తవారితో ఎట్లు మాట్లాడవలెను అను చిక్కు ప్రతి సంస్థకూ ఉన్నది గనుక, ఆ చరిత్ర చర్చికి మాత్రమే చెందినది కాదు.

కథకు పూర్వరంగం కొంత చెప్పవలెను. చర్చికి అనాదిగా ఉన్న వార్తాసాధనం గంట. ఆరాధనవేళ అయినదని, పెండ్లి జరిగినదని, ఊరిలో ఒకరు కన్నుమూసినారని గంటయే చెప్పేది. మోగించు తీరు ఎరిగినవాడు వినగానే సంగతి గ్రహించేవాడు. గంట తరువాతది వేదికమీది ప్రకటన. వివాహం నిశ్చయమైనప్పుడు ఆ సంగతి మూడు ఆదివారాలు చర్చిలో చదివి, అభ్యంతరం గలవారు చెప్పవలసినదని కోరుట ఇంగ్లండు చర్చిలో ఆచారం. ఈ రెండు సాధనాలకూ ఉన్న లోపం ఒక్కటే. గంట భాష నేర్చినవాడికే గంట మాట్లాడుతుంది. లోపల కూర్చున్నవాడికే ప్రకటన వినబడుతుంది. ఊరికి క్రొత్తగా వచ్చినవాడు, చర్చికి దూరమైనవాడు, మంచం పట్టినవాడు బయటనే మిగిలిపోతారు.

అట్లు బయట మిగిలినవారు ఎందరో 1851లో బయటపడినది. ఆ సంవత్సరం మార్చి 30వ తేదీ ఆదివారంనాడు ఇంగ్లండు, వేల్సు ప్రాంతాలలో ఏ చర్చికి ఎందరు వచ్చినారో ప్రభుత్వం లెక్క తీయించినది. ఆ లెక్కలనుబట్టి నివేదిక వ్రాసిన హొరేస్ మాన్ అను అధికారి, రాగలిగియుండి రానివారు 50 లక్షలకు పైబడి ఉన్నారని అంచనా కట్టినాడు. రానివారిలో అధికులు పట్టణాలలోని శ్రామికులు. పల్లె విడిచి మిల్లుల చెంతకు వచ్చినవారికి పట్టణపు గంట పరాయిది. అంతేకాదు, అనేక చర్చిలలో మంచి మంచి బల్లలు అద్దె చెల్లించు కుటుంబాలకు కేటాయించబడి ఉండేవి. లోనికి వచ్చిన పేదవాడికి ఎక్కడ కూర్చుండవలెనో తెలిసేది కాదు. పిలుపు వినబడకపోవుట ఒక ఎత్తు. వచ్చినవాడిని కూర్చోబెట్టకపోవుట మరొక ఎత్తు. ఈ బల్లల అద్దె కూడ జనం దూరమగుటకు ఒక కారణమని ఆ నివేదికలోనే చెప్పబడినది.

తరువాత వచ్చినది అచ్చుపత్రిక. డెర్బీ పట్టణంలో సెంట్ మైకేల్ చర్చి గురువుగా ఉండిన జాన్ ఎర్స్కిన్ క్లార్క్ 1859లో ప్యారిష్ మాగజీన్ అను మాసపత్రిక నెలకొల్పినాడు. ఆయన పద్ధతి చాలా తెలివైనది. కథలు, ఉపదేశాలు, బొమ్మలు గల పుటలను ఒక్కచోట అచ్చువేసి దేశంలోని చర్చిలకు చౌకగా అమ్మేవారు. ఏ చర్చికి ఆ చర్చి తన ఊరి వార్తలను వేరుగా అచ్చువేయించి ఆ పుటలకు కలిపి కుట్టుకొనేది. ఈ నెలలో బాప్తిస్మం పొందిన శిశువులెవరు, పెండ్లాడినవారెవరు, మృతులెవరు, బీదల నిధికి వచ్చిన సొమ్మెంత, ఖర్చెంత అన్నీ అందులో ఉండేవి. చిన్న ఊరి చర్చికి సొంత పత్రిక నడుపు స్తోమతు ఎక్కడిది? ఈ ఏర్పాటువలన ఆ భాగ్యం కలిగినది. ఆదివారం మాత్రమే వినబడిన చర్చి మాట నెలపొడుగునా ఇంటిలో ఉండగలిగినది. అయినను, పత్రిక కొనుటకు మొదట చర్చితో పరిచయం ఉండవలెను. చదువుటకు అక్షరాలు రావలెను. ఒక తలుపు తెరిచినారు గాని, దాని ముందు కూడ ఒక గడప ఉన్నది.

ఆ గడపను కూడ దాటించగల సాధనం ఇరువదవ శతాబ్దంలో అమెరికాలో మొదట కనిపించినది. పిట్స్‌బర్గ్ నగరంలోని కె.డి.కె.ఎ. అను రేడియో కేంద్రం 1920 నవంబరులో ప్రసారం ప్రారంభించినది. రెండు నెలలకే, 1921 జనవరి 2వ తేదీ ఆదివారంనాడు, ఆ నగరంలోని కాల్వరీ ఎపిస్కోపల్ చర్చి సాయంకాల ఆరాధనను ప్రసారం చేసినది. ఆనాడు ప్రసంగించినది ప్రధాన గురువు కాదు. సహాయ గురువు లూయిస్ విట్టెమోర్. పరికరాలు నడుపుటకు వచ్చిన ఇద్దరు సాంకేతికులలో ఒకరు యూదుడు, మరొకరు కాథలిక్కు. వారిని చూచి భక్తుల దృష్టి చెదరకుండుటకై ఇద్దరికీ గాయక బృందంవారి అంగీలు తొడిగి కూర్చోబెట్టినారు. నవ్వు పుట్టించు సంగతియే అయినను ఇందులో గ్రహింపదగినది ఒకటి ఉన్నది. మైకు ముందుకు వచ్చునప్పుడు కూడ చర్చివారి చింత లోపల కూర్చున్నవారిని గూర్చియే. తీగ కొసన, చీకటిలో, ఎవరెవరో వింటున్నారన్న ఊహ అప్పటికి ఇంకా బలపడలేదు.

లండనులో ఆ ఊహ బలపడినది. 1922 నవంబరు నుంచి అక్కడ దినదిన ప్రసారాలు మొదలైనవి. ఆ సంవత్సరం డిసెంబరు 24వ తేదీన, క్రిస్మసు ముందురోజు, వైట్‌చాపెల్ చర్చి గురువు జాన్ మేయో రేడియోలో ఉపన్యసించినాడు. బి.బి.సి. ప్రసారం చేసిన మొదటి మతోపన్యాసం అదే. ఆ నెలలోనే సంస్థ నిర్వాహకత్వం వహించిన జాన్ రీత్ స్కాట్లండులో ఒక చర్చి గురువు కుమారుడు. మతవిషయకమైన ప్రసారం ఉండితీరవలెనని ఆయన పట్టుదల. అయితే చర్చి పెద్దల అనుమతి లేక ముందుకు పోవుట ఆయనకు ఇష్టం లేదు.

అందుచేత 1923లో ఆయన కాంటర్‌బరీ ఆర్చిబిషప్పు రాండల్ డేవిడ్సన్‌ను సతీసమేతంగా తన ఇంటికి ఆహ్వానించినాడు. ఇంగ్లండు చర్చికి అధినేతయైన ఆ వృద్ధుడు అదివరకు రేడియో విని ఎరుగడు. రీత్ మాటల మధ్య మీట నొక్కగానే గదినిండ సంగీతం నిండినది. అతిథులు నివ్వెరపోయినారు. ఆ శబ్దం లోనికి వచ్చుటకు కిటికీ తెరచి ఉంచవలెనా అని ఆర్చిబిషప్పు సతీమణి అడిగినదట. మొదటిసారి రేడియో విన్న మన తాతలు పెట్టెలో మనిషి ఎక్కడ దాగినాడని వెనుకవైపు వెదకినట్లే ఇదియును. కాని ఆర్చిబిషప్పు విషయం వెంటనే గ్రహించినాడు. మూసిన కిటికీలగుండా కూడ లోనికి పోగల ఈ మాటను చర్చి ఉపేక్షింపరాదని, వివిధ క్రైస్తవ శాఖలవారితో ఒక సలహా సంఘం ఏర్పడుటకు ఆయన తోడ్పడినాడు.

పెద్దలందరూ ఆయనవలె లేరు. అదే సంవత్సరం ఏప్రిల్ 26వ తేదీన యార్క్ ప్రభువునకు, అనగా తరువాత ఆరవ జార్జిగా రాజ్యమేలిన రాకుమారునకు, వెస్ట్‌మిన్‌స్టర్ ఆబీలో వివాహం జరిగినది. ఆ వివాహ ఆరాధనను ప్రసారం చేయుదుమని బి.బి.సి. కోరగా ఆబీ అధికారులు నిరాకరించినారు. మద్యశాలలో కూర్చుండి, నెత్తిమీద టోపీ అయినను తీయక ఎవరైనా ఆ ప్రార్థన వినవచ్చునే అని వారి భయం. ఈ భయాన్ని చూచి నేడు నవ్వుట సులభం. అయితే దాని వెనుక ఒక న్యాయం లేకపోలేదు. చెప్పులు విడిచి, కాళ్లు కడుగుకొని గుడిలోనికి పోవు మనకు ఆ న్యాయం తెలియును. చోటునకు తగిన నడవడి ఉండవలెను. ఆ నడవడియే మనస్సును సిద్ధపరుస్తుంది. రేడియోకు చోటు లేదు, గడప లేదు, ద్వారపాలకుడు లేడు. మరికొందరి భయం ఇంకొక విధమైనది. ఇంటిలో పడక కుర్చీలో కూర్చుండి ఆరాధన వినవచ్చునన్నచో చర్చికి వచ్చువాడెవడు? బల్లలు ఖాళీ అగును, హుండీ ఖాళీ అగును, చివరకు సంఘమే చెదరిపోవును. పరస్పరం ముఖాలు చూచుకొని, కష్టసుఖాలు పంచుకొను మనుష్యుల కూటమికి బదులు, ఒంటిగా వినువారి గుంపు మాత్రమే మిగులును.

ఈ వాదాల నడుమ మైకును లోనికి రానిచ్చినవాడు డిక్ షెపర్డ్. పూర్తి పేరు హ్యూ రిచర్డ్ లారీ షెపర్డ్; లోకమంతా ఆయనను డిక్ అనియే పిలిచినది. 1880లో జన్మించినాడు. మొదటి ప్రపంచ యుద్ధం ఆరంభమైన 1914వ సంవత్సరంలో కొద్ది కాలం ఫ్రాన్సులో సైనిక వైద్యశాలవద్ద సేవచేసి, ఆ నవంబరులో లండను నడిబొడ్డున ట్రఫాల్గర్ స్క్వేరు పక్కనున్న సెంట్ మార్టిన్-ఇన్-ది-ఫీల్డ్స్ చర్చికి గురువుగా వచ్చినాడు. జేమ్స్ గిబ్స్ అను శిల్పి నిర్మించగా 1726లో పూర్తియైన అందమైన కట్టడం అది. కట్టడం గొప్పదే గాని వచ్చు జనం కొద్దిమంది.

చర్చికి కూతవేటు దూరంలో చేరింగ్ క్రాస్ రైలుస్టేషను. యుద్ధభూమినుంచి సెలవుమీద వచ్చు సైనికులు రాత్రి అనక పగలు అనక అక్కడ దిగేవారు. బట్టలనిండ బురద, కంటినిండ నిద్ర, పోవలసిన ఊరికి రైలు తెల్లవారితే గాని లేదు. షెపర్డ్ ఒక పని చేసినాడు. చర్చి తలుపులు రాత్రింబగళ్లు తెరచి ఉంచినాడు. నేలమాళిగను వారికి విడిదిగా ఇచ్చినాడు. నీ మతమేది, నీ శాఖయేది, ఆదివారం వస్తావా అని ఎవరినీ అడుగలేదు. యుద్ధం ముగిసిన తరువాత ఇల్లు వాకిలి లేనివారికి ఆ నేలమాళిగయే ఆశ్రయమైనది. ప్రసంగాలు చిన్నవిగా, పక్కన కూర్చుండి మాట్లాడినట్లుగా ఉండేవి. చర్చి పత్రికను కూడ ఊరి వార్తలకు పరిమితం చేయక, చర్చితో సంబంధం లేనివాడు సైతం చదువునట్లు తీర్చినాడు. కొన్ని సంవత్సరాలలో ఆ చర్చిలో నిలుచుటకు చోటు దొరకని దినాలు వచ్చినవి.

ఇచ్చట ఒక విషయం ప్రత్యేకంగా గమనింపవలెను. షెపర్డ్ మొదట తలుపు తెరచినాడు, తరువాత మైకు తెరచినాడు. అపరిచితుడితో ముఖాముఖి మాట్లాడుట తొమ్మిది సంవత్సరాలు అభ్యసించినవాడు గనుకనే కంటికి కనబడని అపరిచితుడితో మాట్లాడగలిగినాడు. యంత్రం ఆయనకు మర్యాద నేర్పలేదు. ఉన్న మర్యాదను దూరప్రాంతాలకు మోసుకొనిపోయినది.

1924 జనవరి 6వ తేదీ ఆదివారం సాయంకాలం సెంట్ మార్టిన్ చర్చినుంచి ఆరాధన యావత్తూ ప్రసారమైనది. ఇంగ్లండులో చర్చిలోపలినుంచి జరిగిన మొదటి ప్రసారం అది. ఆనాడు ఎపిఫనీ పండుగ. తూర్పుదేశపు జ్ఞానులు, అనగా బొత్తిగా పరదేశీయులు, బాలయేసు దర్శనానికి వచ్చిన సంఘటనను క్రైస్తవులు స్మరించు దినం. తెలియని అతిథులకై మొదటిసారి మైకు తెరచుటకు ఇంతకంటె తగిన దినం ఏది ఉండగలదు? షెపర్డ్ ఉబ్బసరోగి. గొంతు గొప్పది కాదు, వాక్చాతుర్యం మహావక్తలది కాదు. కాని ఆయన సభనుద్దేశించి గర్జించలేదు. ఒక గదిలో ఒక మనిషి వింటున్నాడని తలచి ఆ ఒక్కనితో మాట్లాడినాడు. రేడియోలో పనిచేయు మా వంటివారికి మొదట నేర్పబడు పాఠం నేటికీ ఇదే.

ఉత్తరాలు కుప్పలుగా వచ్చినవి. మంచం దిగలేని రోగులు వ్రాసినారు. ఎన్నో ఏండ్లుగా చర్చి మెట్లు ఎక్కలేని వృద్ధులు వ్రాసినారు. చర్చిమీద కోపించి వెళ్లిపోయినవారు కూడ వ్రాసినారు. అటుపిమ్మట సెంట్ మార్టిన్ ఆరాధన నెలనెలా ప్రసారమైనది. దేశంలోని చర్చిలతో పోటీ పడుతున్నదన్న మాట రాకుండుటకై ఆదివారం ఆరాధనవేళలలో ప్రసారం జరపని నియమాన్ని బి.బి.సి. చాలాకాలం పాటించినది. సంఘం చెదరునన్న భయాన్ని తేలికగా కొట్టివేయక, గౌరవించి దానికొక హద్దు ఏర్పరచుట మెచ్చదగిన పద్ధతి.

అంతవరకు మాట ఒకవైపే పోతున్నది: చర్చినుంచి శ్రోతకు. శ్రోత మాట చర్చికి చేరుటకు మరికొంతకాలం పట్టినది. 1926లో ఒక మహిళా శ్రోత, రోగులకు ఒంటరివారికి ప్రతిదినం కొద్ది నిమిషాలు ప్రార్థన ప్రసారం చేయవలెనని బి.బి.సి. కార్యక్రమ పత్రికయైన రేడియో టైమ్స్‌కు లేఖ వ్రాసినది. రీత్ మొదట ఒప్పుకొనలేదు. ఆమె పట్టు విడువలేదు. తనవలె కోరువారి మద్దతును వేలసంఖ్యలో కూడగట్టి పంపినది. 1928 జనవరి 2వ తేదీన దైనందిన ఆరాధన ప్రారంభమైనది. దానిని మొదట నడిపినవాడు సెంట్ మార్టిన్ చర్చికే చెందిన హ్యూ జాన్‌స్టన్. తరతరాల శ్రోతలకు అది ప్రాతఃకాలపు తోడుగా నిలిచినది. ఒక ప్రసార కార్యక్రమ పత్రికలో అచ్చైన శ్రోత ఉత్తరం అంతటి పనికి నాంది పలికినదని ఈ పుటలలో చెప్పుకొనుట సంతోషదాయకం.

తలుపు తెరచినారు, మైకు తెరచినారు. అయినను బయట ఇంకా కొందరు మిగిలినారు. శబ్దం చెవికి చేరినది గాని అర్థం చేరలేదు. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో ఈ లోపం స్పష్టంగా కనిపించినది. బాంబులు పడుతున్న నగరాలలో, సైనిక శిబిరాలలో, బ్రతుకును గూర్చి చావును గూర్చి తెలుసుకోగోరువారు లక్షలమంది. చర్చి పరిభాష మాత్రం వారికి అన్యభాషవలె తోచేది. అప్పుడు బి.బి.సి. మతవిభాగం అధిపతి జేమ్స్ వెల్ష్ ఇద్దరు రచయితలను పిలిచినాడు. ఇద్దరిలో ఎవరూ చర్చి గురువులు కారు.

మొదటివాడు సి. ఎస్. లూయిస్, ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో సాహిత్యాధ్యాపకుడు. యౌవనంలో నాస్తికుడు గనుక నమ్మనివాడి మనస్సు ఆయనకు తెలియును. 1941 ఆగస్టునుంచి 1944 వరకు ఆయన చేసిన చిన్న చిన్న ప్రసంగాలు పుస్తకరూపంలో నేటికీ లోకమంతటా చదువబడుతున్నవి. చర్చి వాడు మాట ఒకటి, జనానికి తోచు అర్థం ఒకటి అని ఆయన గ్రహించినాడు. చర్చి అనగా గురువు దృష్టిలో విశ్వాసుల సమూహం. వీధిలో పోవువాడి దృష్టిలో రాతికట్టడం. చారిటీ అనగా గురువునకు దివ్యప్రేమ, సామాన్యుడికి బిచ్చం. 1945లో వేల్సు గురువులముందు ప్రసంగిస్తూ ఆయన ఒక సూచన చేసినాడు. గురువుల పరీక్షలో ఒక వేదాంత గ్రంథభాగాన్ని వాడుకభాషలోనికి మార్చు ప్రశ్న తప్పక ఉండవలెనన్నాడు. తన భావాన్ని సామాన్యుడి మాటలలోనికి మార్చలేనివాడికి ఆ భావమే సరిగా తెలియదని ఆయన నిశ్చయం.

రెండవ రచయిత డొరొతీ సేయర్స్, అపరాధపరిశోధక నవలలకు ప్రసిద్ధురాలు. క్రీస్తు చరిత్రను 12 నాటకాలుగా ఆమె రచించగా 1941 డిసెంబరునుంచి 1942 అక్టోబరు వరకు ప్రసారమైనవి. క్రీస్తు పాత్రకు ఒక నటుడు గొంతు ఇచ్చుట, శిష్యులు వీధిభాషలో మాటాడుట విని సంప్రదాయవాదులు మండిపడినారు. ఆదివారాచార రక్షణ సంఘంవారు నిషేధించవలెనని ఆందోళన చేసినారు. ఆందోళన పత్రికలకెక్కినది, పార్లమెంటులో ప్రశ్న అయినది. వెల్ష్ జంకలేదు. నాటకాలు ప్రసారమైన పిమ్మట, ఈ కథలోని మనుష్యులు మావంటి మనుష్యులే అని మొదటిసారి తెలిసినదని శ్రోతలు వ్రాసినారు.

ఈ భాషాసమస్య తెలుగుదేశానికి క్రొత్తది కాదు. పండితభాష, వ్యావహారికభాష అని మనం పోరాడిన పోరాటమే ఇది. ఇంగ్లండు చర్చికి సంబంధించిన సంఘమే మన నేలమీద రేడియో లేకయే దీనికి జవాబు వెదకినది. 1874లో తిరునల్వేలి ప్రాంతంలో జన్మించిన వేదనాయకం శామ్యూల్ అజరయ్య తమిళుడు. 1909లో గురువై, నిజాం రాజ్యంలోని దోర్నకల్లుకు వచ్చి, తెలుగు నేర్చినాడు. 1910లో ఎడిన్‌బరోలో జరిగిన ప్రపంచ మిషనరీ మహాసభలో ఆయన చేసిన ప్రసంగం సభను కుదిపినది. మీరు ధనమిచ్చినారు, ప్రాణాలర్పించినారు, ఇక మాకు స్నేహాన్నియ్యండి అని దాని సారాంశం. దానం అందుతున్నది, ఉపదేశం అందుతున్నది, కాని సరిసమానంగా కూర్చుండి మాట్లాడుకొనుట లేదని తెల్లవారి ముఖంమీదనే చెప్పినాడు. 1912 డిసెంబరు 29న కలకత్తాలో ఆయన బిషప్పుగా అభిషిక్తుడైనాడు. ఆంగ్లికన్ సంఘంలో ఆ పదవి పొందిన మొదటి భారతీయుడు ఆయనయే.

దోర్నకల్లు సంఘంలో చేరినవారు అధికంగా మాల మాదిగ పల్లెలవారు. తరతరాలుగా గుడి గడప, బడి గడప, ఊరి బావి గడప దాటనీయక నిలిపివేయబడిన ప్రజలు. చదువురానివారికి అచ్చుపత్రిక ఏమి చేయును? అందుచేత పాట, నాటకం, కథాకాలక్షేపం, పల్లె ఉపాధ్యాయుడి నోటిమాట సాధనాలైనవి. పంతొమ్మిదవ శతాబ్దంలోనే పురుషోత్తమ చౌదరి వంటివారు రాగతాళాలతో రచించిన తెలుగు కీర్తనలు ఉన్నవి. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకంలో వాటి రాగం, తాళం పేర్లు అచ్చై ఉండుట నేటికీ చూడవచ్చును. అక్షరం రాని తల్లి పొలంలో నాటువేస్తూ పాడుకొన్న కీర్తనయే ఆమెకు గ్రంథం.

అజరయ్య దోర్నకల్లులో కట్టించిన మహాదేవాలయం కూడ ఒక విధమైన సంభాషణమే. గుమ్మటాలు మసీదును తలపించును. స్తంభాలు దక్షిణదేశపు గుడి మంటపాన్ని తలపించును. హిందువైనా మహమ్మదీయుడైనా ముంగిట నిలిచి ఇది విదేశపు కట్టడమని తలచుటకు వీలులేదు. ఇరువదిఐదేండ్లకు నిర్మాణం ముగిసి 1939 జనవరి 6వ తేదీన, అదే ఎపిఫనీ పండుగనాడు, ప్రతిష్ఠ జరిగినది. లండనులో షెపర్డ్ మైకు తెరచి ఆనాటికి సరిగా పదునైదేండ్లు.

అంతమాత్రాన మన చర్చిలలో భాషాసమస్య తీరినదని చెప్పజాలము. రక్షణ అను మాట విన్న విశ్వాసికి మోక్షం స్ఫురించును. క్రొత్తగా వచ్చినవాడికి పోలీసు స్ఫురించవచ్చును. సాక్ష్యం చెప్పండి అనగా విశ్వాసి తన అనుభవం చెప్పుటకు లేచును. అతిథి కోర్టు జ్ఞప్తికి వచ్చి తికమకపడును. సంఘం అనగా ఒకనికి భక్తుల కూటమి, మరొకనికి కార్మిక సంఘం. మాటలు మార్చవలెనని నేననను. మాటను ఉచ్చరించునప్పుడు వెనుక బల్లమీది క్రొత్త మనిషికై ఒక చిన్న వివరణ చేర్చుట కష్టమైన పని కాదు. గుళ్లకు, సభలకు, ప్రభుత్వ కార్యాలయాలకు, రేడియోకు కూడ ఇది వర్తించును.

షెపర్డ్ 1937లో మరణించినాడు. సెంట్ మార్టిన్ చర్చిలో ఉంచిన ఆయన భౌతికకాయాన్ని చూచుటకు వేలాది జనం బారులు తీరినారు. ఆయన మరణించిన ఎనుబదిమూడేండ్లకు, 2020లో, కరోనా మహమ్మారి వచ్చినది. ఇంగ్లండులో రాత్రింబగళ్లు తెరచి ఉండిన తలుపులు సైతం ఆ మార్చిలో మూతబడినవి. ఆరాధన ఫోన్లలోనికి, కంప్యూటర్లలోనికి పోయినది. మన తెలుగు ఊళ్లలోను అట్లే జరిగినది. చర్చికి ఎన్నడూ రానివారు ఇంటిలో కూర్చుండి చూచినారు. కాని ఇంటర్నెట్టు లేని ముసలివారి మాటేమి? ఒకప్పుడు చర్చిలో ముందు బల్లమీద కూర్చున్నవారే ఇప్పుడు గడప బయట మిగిలినారు.

ఆ సంగతి గుర్తించి ఏప్రిల్‌లో ఇంగ్లండు చర్చి డైలీ హోప్ అను టెలిఫోను ఏర్పాటు చేసినది. మామూలు ఇంటి టెలిఫోనునుంచి ఉచితంగా ఒక నంబరు తిప్పి కీర్తనలు, ప్రార్థనలు ఏ వేళనైనా వినుటకు వీలు కలిగినది. మహాయంత్రాల కాలంలో పాత టెలిఫోను తీగ ఎందుకని వారు తలచలేదు. ఎవరి ఇంట ఏ సాధనం ఉన్నదో ఆ సాధనంద్వారానే వారిని పలుకరించినారు.

గంటనుంచి టెలిఫోను వరకు సాగిన ఈ చరిత్రలో ప్రతి క్రొత్త సాధనం కొందరిని లోనికి తెచ్చినది, కొందరిని బయట నిలిపినది. అచ్చు వచ్చినప్పుడు అక్షరం రానివాడు, రేడియో వచ్చినప్పుడు పరిభాష తెలియనివాడు, ఇంటర్నెట్టు వచ్చినప్పుడు వృద్ధుడు బయట మిగిలినారు. పనిని చక్కదిద్దినవారు గొప్ప యంత్రం కొన్నవారు కారు. ఇంకా బయట మిగిలినది ఎవరని అడిగినవారు. నేలమాళిగలో విడిది ఇచ్చిన షెపర్డ్, ఉత్తరం వ్రాసిన ఆ శ్రోత, స్నేహం అడిగిన అజరయ్య ముగ్గురూ అడిగినది ఆ ప్రశ్నయే. మన ఇంట రేడియో మ్రోగునప్పుడు పక్కయింటి అవ్వను కూడ లోనికి పిలిచి పీట వేసినచో, ఆ ప్రశ్నకు మనమిచ్చు జవాబు కూడ అందులో చేరుతుంది.